నాన్న సీడీల పెట్టె ట్యాబ్‌లోకి ఎక్కించాలి, దారి చెప్పండి

ఉక్కు_కూతురు | జనవరి 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెం మారినప్పుడు సగం సామాన్లు ఎవరెవరికో ఇచ్చేశారు గానీ, సినిమా సీడీల అట్టపెట్టెని మాత్రం లారీ ఎక్కనివ్వలేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. మొన్న లెక్కపెట్టాను. వీసీడీలు 140 దాకా, డీవీడీలు 30. వీసీడీలో సినిమాకి రెండు మూడు డిస్కులు కాబట్టి మొత్తం సినిమాలు వంద లోపే. అడుగున మా అక్క పెళ్లి డిస్కులు రెండున్నాయి, మార్కర్‌తో పేరు రాసినవి.

ఇప్పుడాయనకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. వెళ్లిన ప్రతిసారీ 4 గంటలు. ఆ వార్డు సెల్లార్‌లో ఉంది, సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు. ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న ఎడమ చెయ్యి కదపకూడదు. అందుకని ట్యాబ్ స్టాండ్ మీద పెట్టి, కుడిచేతి వేలితో ఒక్కసారి నొక్కితే సినిమా చివరిదాకా ఆడాలి. మధ్యలో రెండో భాగం వెతుక్కోవడం ఆయన వల్ల కాదు. దానికోసం నర్సమ్మని పిలవడం ఆయనకి ఇష్టం లేదు.

నా ల్యాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. ఒక షాపులో డిస్క్‌కి 60 చొప్పున పది ఇచ్చి చూశాను. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. తీరా చూస్తే హీరోయిన్ మొహం గుమ్మడికాయంత అయింది. నాన్న రెండు నిమిషాలు చూసి "ఈవిడెవరే?" అన్నారు. మిగతావి నేనే చేసుకుంటాను. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

మద్దిలపాలెం_99 | జనవరి 18, రాత్రి 9:30

అక్కా, ఇంత తంటా ఎందుకు? పాత సినిమాలు బోలెడు యూట్యూబ్‌లోనే ఉన్నాయి. ఓటీటీలో డౌన్‌లోడ్ బటన్ నొక్కేస్తే సెల్లార్‌లో కూడా ఆడుతుంది కదా.

లంగరు | జనవరి 18, రాత్రి 11:05

తమ్ముడూ, నేను మర్చంట్ షిప్‌లో పనిచేస్తాను. ఇంట్లో ఉండగా ఓటీటీలో దింపుకున్న సినిమాలు ఓడ ఎక్కిన కొన్నాళ్లకే గడువు తీరిపోయాయి. మళ్లీ నెట్‌కి కలపమంటుంది. నడిసముద్రంలో నెట్ వాట్సాప్‌కి సరిపోతే అదే పదివేలు. పైగా ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఆ యాప్‌లో ఉంటుందన్న నమ్మకం లేదు.

నేను ఆరేళ్లుగా మా ఇంటి డిస్కుల నుంచి తీసుకున్న ఫైళ్లతోనే బతుకుతున్నాను. వంటవాడు ఫిలిప్పీన్స్ అతను, ఒక్క ముక్క తెలుగు రాదు, మన పౌరాణికాలు పెడితే మాత్రం గరిటె పట్టుకునే వచ్చి నిలబడతాడు. మేడమ్, మీరు డిస్కులే పట్టుకోండి.

క్యాసెట్ల_కొట్టు | జనవరి 19, ఉదయం 6:40

కంచరపాలెంలో 13 ఏళ్లు వీడియో లైబ్రరీ నడిపినవాణ్ణి. 2007 ప్రాంతంలో ఒక పెద్ద కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మడం మొదలెట్టేసరికి రోజుకి పది రూపాయల అద్దె ఇచ్చేవాడు కరువయ్యాడు. తర్వాత సెల్‌ఫోన్ రీచార్జులు వేసుకుని కొన్నాళ్లు, ఆపైన అదీ లేదు. నా గోడు పక్కన పెడదాం.

అమ్మా, ముందు ఆ మార్కర్ డిస్కులు తియ్యి. ఈ రాత్రికే తియ్యి. కొన్న సినిమా డిస్క్ ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినది, గుంటలు ప్లాస్టిక్‌లోనే పడి ఉంటాయి, అది అంత త్వరగా చావదు. పెళ్లివాళ్లు రైటర్‌లో కాల్చి ఇచ్చినది అలా కాదు. అందులో రంగు పొర ఉంటుంది, లేజర్‌తో ఆ రంగు మీద రాస్తారు. ఎండకీ వేడికీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. గీత ఒక్కటీ లేకుండా నిగనిగలాడుతూనే చదవడం మానేస్తుంది. సినిమా పోతే ఇంకో చోట దొరుకుతుంది. అక్క పెళ్లి ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొకటి. సీడీకి కింది వైపు గీతల కంటే పైన బొమ్మ ఉన్న వైపు గీతలే ప్రమాదం. సీడీలో అద్దంలా మెరిసే పొర బొమ్మకి ఆనుకునే ఉంటుంది, పైన పల్చటి వార్నిష్ తప్ప కాపలా లేదు. ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుని చూడు. సూదిమొన చుక్కల్లా వెలుగు కనిపిస్తే అక్కడ పొర లేచిపోయినట్టే, ఆ చోటికి మందు లేదు. డీవీడీ నయం. 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండు అతికించి మధ్యలో పొర దాస్తారు.

డబ్బా_పీసీ | జనవరి 19, ఉదయం 10:20

కొట్టు గారు చెప్పిన వరసే సరైనది. డ్రైవ్ విషయానికొస్తే, యూఎస్‌బీతో కలిపే బయటి డీవీడీ రైటర్ కొనండి. ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపుల్లో అడిగితే ఇంకా దొరుకుతున్నాయి. బ్లూరే అక్కర్లేదు. హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. కరెంటు చాలకపోతే డిస్క్ తిరగడం మొదలెట్టి టక్కున ఆగిపోతుంది, మనం డిస్క్ పాడైందనుకుంటాం.

ఇప్పుడు అసలు మాట. వీసీడీలని 'కన్వర్ట్' చెయ్యకండి. వీసీడీలో ఉన్నదే ఎంపెగ్1 అనే పాత రకం వీడియో ఫైల్. బొమ్మ 352 బై 288, అంటే ఇవాళ్టి ఫోన్ తెరలో ఒక మూలకి సరిపోయేంత. దాన్ని మళ్లీ ఎంపీ4గా నూరితే ఉన్న కాస్త వివరమూ పోతుంది. మీ షాపువాడు చేసింది అదే, పైగా 4:3 బొమ్మని (పాత టీవీ ఆకారం) వెడల్పు తెరకి సాగదీశాడు. అందుకే గుమ్మడికాయ.

డిస్క్ తెరిస్తే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ ఫైల్ (పేరు చివర .DAT అని ఉండేది) ఒకటి పెద్దది కనిపిస్తుంది. సినిమా అదే. దాన్ని మామూలుగా కాపీ చేస్తే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది, కొన్ని ట్యాబ్ ప్లేయర్లు మాత్రం గుర్తుపట్టవు. అందుకని ఐసో బస్టర్ అనే ప్రోగ్రామ్‌తో తీయండి, అందులో ఎంపెగ్ ఫ్రేములు మాత్రమే వడకట్టి ఇచ్చే ఆప్షన్ ఉంది. ఎంపీజీ ఫైల్ వస్తుంది.

తర్వాత ఎంకేవీ టూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి మొదటి డిస్క్ ఫైల్ వేసి, రెండోదాన్ని 'అపెండ్' అని కలపండి. నొక్కితే రెండు నిమిషాల్లో ఒకే ఎంకేవీ ఫైల్. బొమ్మ మీద చెయ్యి పడదు, నాణ్యత ఇసుమంత తగ్గదు. నాన్నగారు ఒక్కసారి నొక్కితే శుభం కార్డు దాకా ఆడుతుంది. ట్యాబ్‌లో చూసే యాప్ కూడా వీఎల్‌సీనే పెట్టండి.

సీతమ్మధార_బుల్లెట్ | జనవరి 19, ఉదయం 11:02

మళ్లీ నూరొద్దంటే ఎలా గురూ? నేను అన్నిటినీ హెచ్‌265లోకి (వీడియోని బాగా కుదించే పద్ధతి) మార్చాను, సైజు మూడో వంతు అయింది. 300 సినిమాలు ఒక్క కార్డులో.

డబ్బా_పీసీ | జనవరి 19, ఉదయం 11:15

బుల్లెట్ గారూ, వీసీడీ బొమ్మకి సెకనుకి 1150 కిలోబిట్లు, ధ్వనికి 224. నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు. రెండున్నర గంటల సినిమా 1.5 జీబీ చిల్లర. ఈ మేడమ్ దగ్గరున్న వీసీడీ సినిమాలన్నీ ఓ 60 అనుకుంటే వంద జీబీకి అటూ ఇటూ. 128 జీబీ కార్డులో పడతాయి. ఆదా చేసి ఏం కడతాం? పైగా మీ 300 సినిమాల్లో ఎన్ని మళ్లీ చూశారు?

సీతమ్మధార_బుల్లెట్ | జనవరి 19, ఉదయం 11:21

రెండు 😐

పెంగ్విన్ | జనవరి 19, మధ్యాహ్నం 1:48

విండోస్ వాళ్లకి సరే. నాలాంటి లైనక్స్ వాళ్లు డాట్ ఫైల్‌ని కాపీ చేయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ కొడుతుంది, డిస్క్ పోయిందని కంగారు పడొద్దు. వీసీడీలో సినిమా భాగం రాసిన పద్ధతి వేరు. మామూలు సీడీలో ప్రతి ముక్కకీ తప్పులు దిద్దుకునే అదనపు లెక్క ఒకటి ఉంటుంది. వీసీడీలో ఆ జాగా కూడా సినిమాకే వాడేశారు, అలాగైతేనే 74 నిమిషాలు పట్టింది. ఫైల్ సిస్టమ్‌కి ఆ ముక్కలు అర్థం కావు. వీసీడీ ఇమేజర్ ప్యాకేజీలో వీసీడీ ఎక్స్‌రిప్ అని ఉంటుంది, దాంతో లాగండి.

ఈ కారణంగానే గీతలకి వీసీడీ త్వరగా లొంగిపోతుంది. అయితే సినిమా కాబట్టి ఒక ముక్క పోతే అర సెకను గళ్లుగళ్లుగా వచ్చి మళ్లీ సర్దుకుంటుంది.

ఉక్కు_కూతురు | జనవరి 22, రాత్రి 10:37

డ్రైవ్ కొన్నాను. రెండు రోజుల్లో 14 సినిమాలు అయ్యాయి! కలిపిన ఫైల్ నాన్నకి పెడితే హీరోయిన్‌ని గుర్తుపట్టారు. అది పాస్.

పెళ్లి డిస్కులు మాత్రం టెన్షన్ పెడుతున్నాయి. మొదటిది వచ్చింది. రెండోది 61 శాతం దగ్గర ఆగి, డ్రైవ్ గుర్‌ర్ గుర్‌ర్ అంటుంది. అవి డీవీడీలు. కింద గీతలున్నాయి, చిన్నప్పుడు నేనే దాంతో చక్రం ఆట ఆడానట, అమ్మ ఇప్పుడు చెప్తోంది. నెట్‌లో టూత్‌పేస్ట్ రాయమంటున్నారు. రాయనా?

పెందుర్తి_మాస్టారు | జనవరి 23, ఉదయం 5:55

అమ్మాయ్, పేస్టు జోలికి వెళ్లకు. నా అనుభవం విను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ రెక్క ఊడిపోయి డిస్కుల అలమారలోకి వాన కొట్టింది. కరెంటు వచ్చాక, ఇల్లు ఒక కొలిక్కి వచ్చాక చూస్తే కవర్లు డిస్కులకి అతుక్కుపోయాయి. నేను తెలివిగలవాణ్ణి కదా, పర్రుమని లాగాను. కాగితంతో పాటు వెండిపొర కూడా ఊడి వచ్చింది. పారదర్శకమైన పళ్లెం మిగిలింది చేతిలో. అందులోంచి మా ఆవిడ కనిపించింది, ఆవిడ చూపు ఎలా ఉందో చెప్పక్కర్లేదు.

మిగతావాటిని బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెడితే కాగితం దానంతటదే జారింది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి పాత నూలు గుడ్డ. మధ్య చిల్లు నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. డిస్క్‌లో సమాచారం గుండ్రంగానే పరుచుకుని ఉంటుంది. గుండ్రటి గీత పడితే వరసగా ఒకే చోట చాలా పోతుంది, అడ్డగీత అయితే డ్రైవ్ దాటుకుపోతుంది. నీడలో ఆరబెట్టాలి. అలా 40లో 31 బతికాయి.

క్యాసెట్ల_కొట్టు | జనవరి 23, ఉదయం 8:10

మాస్టారూ, పేస్టుని మరీ తిట్టకండి, ప్లాస్టిక్ మీద సన్నగీతలకి మా కొట్లో తెల్ల పేస్టే వాడేవాళ్లం. జెల్ కాదు. కానీ అది ప్లాస్టిక్‌ని అరగదీయడమే. పది రూపాయల అద్దె సినిమాకి చేశాం, పెళ్లి డిస్క్‌కి నేనూ చెయ్యను. అన్నీ అయ్యాక ఆఖరి అస్త్రంగా చూసుకోవచ్చు.

డబ్బా_పీసీ | జనవరి 23, ఉదయం 9:34

మేడమ్, మాస్టారు చెప్పినట్టు కడగండి. ఆ తర్వాత మామూలు కాపీ చెయ్యొద్దు, అది తప్పు తగిలిన చోట మొత్తం పని వదిలేస్తుంది. డీడీ రెస్క్యూ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. చదవగలిగినదంతా ముందు చకచకా లాగేసి, మొండికేసిన చోట్లని ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని, తర్వాత వాటి మీద మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇది డీవీడీలకి. వీసీడీలకి పనికిరాదు, పెంగ్విన్ గారు చెప్పిన కారణమే.

ఇందులో మంచి సుగుణం ఏంటంటే, అదే మ్యాప్ ఫైల్ పట్టుకుని ఇంకో డ్రైవ్‌లో డిస్క్ వేసి మిగిలిన చోట్లు మాత్రమే చదివించొచ్చు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది. చుట్టాలింట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే దాని డ్రైవ్ వాడి చూడండి, పాతవి మొండిగా చదువుతాయి.

కొత్తవలస_కిట్టు | జనవరి 23, సాయంత్రం 6:18

అక్కా సినిమాలన్నీ అయ్యాక గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వవా, అందరికీ ఉపయోగం 🙏

నిర్వాహకుడు | జనవరి 23, సాయంత్రం 6:41

కిట్టు గారూ, అది ఇక్కడ కుదరదు. కాపీరైట్ చట్టం 1957లో 52వ సెక్షన్ సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది, ఊరికి పంచడానికి కాదు. కొన్న డీవీడీల్లో కొన్నిటికి కాపీ చెయ్యనివ్వని తాళం ఉంటుంది. ఆ తాళాల సంగతి 2012లో 65ఏ సెక్షన్‌గా చట్టంలో చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. వీసీడీలకీ, ఇంట్లో కాల్చిన పెళ్లి డిస్కులకీ ఈ తాళం గోలే లేదు. తాళాలు తీసే సాఫ్ట్‌వేర్ల చర్చ ఈ దారంలో వద్దు, లింకులు అసలే వద్దు.

ఉక్కు_కూతురు | జనవరి 26, మధ్యాహ్నం 3:20

అక్కయ్యపాలెంలో బాబాయ్ వాళ్ల పాత డెస్క్‌టాప్ దుమ్ము దులిపాం. అది ఆన్ అవ్వడానికే ఆరు నిమిషాలు. కానీ మా కొత్త డ్రైవ్ వదిలేసిన చోట్లలో చాలా భాగం చదివేసింది! రాత్రంతా ఆడించాం. బాబాయ్ మధ్యమధ్యలో లేచి చూసి "ఇంకో 2 ఎంబీ వచ్చిందే" అని నన్ను లేపారు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. చివరికి మూడు నిమిషాలు తప్ప మొత్తం పెళ్లి వచ్చింది. పోయిన మూడు నిమిషాలూ భోజనాల బంతి. అక్కకి చెప్తే "హమ్మయ్య, అరటాకు ముందు మా అత్తగారి మొహం పోయింది" అంది.

ఇప్పుడింకో చిక్కు. పెళ్లి బొమ్మలో ఎవరైనా కదిలితే దువ్వెన పళ్లలా అడ్డగీతలు వస్తున్నాయి. టీవీలో వేసినప్పుడు ఎప్పుడూ చూడలేదు. ఇదీ డిస్క్ రోగమేనా?

డబ్బా_పీసీ | జనవరి 26, సాయంత్రం 4:02

రోగం కాదు. పెళ్లి కెమెరా ఒక్కో ఫ్రేమ్‌ని రెండు విడతల్లో తీసింది, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, మధ్యలో సెకనులో 50వ వంతు తేడా. పాత డబ్బా టీవీ వాటిని అలాగే విడివిడిగా గీసేది కాబట్టి తెలియలేదు. ట్యాబ్ రెండిటినీ ఒకేసారి చూపిస్తుంది, ఈలోపు పెళ్లికూతురు చెయ్యి కదిలిపోయి ఉంటుంది. అవే దువ్వెన పళ్లు.

ఇక్కడ మాత్రం కన్వర్ట్ చెయ్యాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో ఆ ఫైల్ వేసి, ఫిల్టర్లలో డీఇంటర్లేస్ (ఆ దువ్వెన పళ్లని పోగొట్టేది) పెట్టండి. హెచ్‌264, నాణ్యత ఆర్‌ఎఫ్ 18 లేదా 20. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, తిరగేసి చదువుకోకండి. ధ్వని ఏఏసీ పెట్టండి. డీవీడీల్లో వచ్చే ఏసీ3 ధ్వని కొన్ని ఫోన్ ప్లేయర్లలో పలకదు, బొమ్మ ఆడుతుంది, నోళ్లు కదులుతాయి, శబ్దం ఉండదు.

వెడల్పు బొమ్మ సంగతి కూడా చూసుకోండి. డీవీడీలో 720 బై 576గానే దాస్తారు, వెడల్పు సినిమా అయితే ఆడేటప్పుడు 1024కి విప్పుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ దానంతటదే చూసుకుంటుంది, మీరు అంకెలు కెలక్కపోతే చాలు. మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తే ఎవరో కెలికారని అర్థం.

కన్వర్ట్ చేసినా అసలు ఫైల్ పారేయకండి. పెళ్లిది రెండు చోట్ల దాచండి, ఒకటి మీ అక్క దగ్గర.

లంగరు | జనవరి 27, ఉదయం 7:30

కార్డు గురించి ఒక మాట. కార్డుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైల్‌ని అది మింగదు. ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని వేస్తే పెద్దాయనకి తేలిక. నేను మా నాన్నకి అలాగే చేసిచ్చాను. పేరు చదవడు, "ఇరవై మూడు పెట్టు" అంటాడు.

ఉక్కు_కూతురు | ఫిబ్రవరి 9, రాత్రి 8:55

పెట్టె ఖాళీ. తాళం ఉన్న నాలుగు డీవీడీలు పక్కన పెట్టేశాను, ఒక వీసీడీ పొర లేచిపోయి చదవలేదు. మిగతావన్నీ కార్డులో ఉన్నాయి. నెంబర్లు కూడా వేశాను లంగరన్నా.

నిన్న డయాలిసిస్‌కి నేను తోడు వెళ్లాను. నాన్న 17 నొక్కారు. సరిగ్గా సగంలో, పాట మధ్యలో, వేలు పెట్టి ఆపేశారు. ఏమైంది నాన్నా, ఆగిందా అంటే లేదు, ఇక్కడ రెండో డిస్క్ మార్చాలి కదే అన్నారు. ఇంట్లో ఆ పాట దగ్గర మొదటి డిస్క్ అయిపోయేది. నాన్న లేచి డిస్క్ మార్చేలోపు అమ్మ టీ పెట్టేది. ఇరవై ఏళ్ల అలవాటు. మారుస్తున్నట్టు ఒక నిమిషం ఊరుకుని, మళ్లీ నొక్కారు. ఇప్పుడు పక్క బెడ్ ఆయన కూడా ఇటు తిరిగి చూస్తున్నారు. ఒకే ఇయర్‌ఫోన్ ఉంది, చెరో చెవిలో పెట్టుకున్నారు. ఆ వైరు చాలడం లేదు, పొడుగుది ఎక్కడ దొరుకుతుంది?

క్యాసెట్ల_కొట్టు | ఫిబ్రవరి 9, రాత్రి 9:20

వైరు పొడిగించడం కాదమ్మా, ఒక ఆడియో స్ప్లిట్టర్ కొను, ఒకటి రెండవుతుంది. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడుగు. పక్క బెడ్ ఆయనకి ఏ సినిమాలు ఇష్టమో కూడా కనుక్కో, నా దగ్గర గోనెసంచిలో ఇంకా డిస్కులున్నాయి. అద్దె వద్దులే.

మద్దిలపాలెం_99 | ఫిబ్రవరి 9, రాత్రి 9:26

అక్కా, ఆ డ్రైవ్ పని అయిపోతే నాకు ఓ వారం ఇస్తావా? మా అమ్మ బీరువాలో రెండు మార్కర్ డిస్కులు దొరికాయి.